అన్నయ్య చొక్కా

ఆ ఆఫీసులో ముఖం మూసి చూడటం అని ఒక ఆచారం ఉంది. పిల్లల కోసం బొమ్మల కథల పుస్తకాలు వేసే ఆఫీసు అది. ఎవరు ఏ కొత్త పాత్రను గీసి తెచ్చినా ఎడిటరమ్మ ముందుగా దాని ముఖం చూడదు. టీ కప్పు కింద పెట్టుకునే గుండ్రటి అట్ట తీసి ఆ ముఖం మీద పెట్టేస్తుంది. తర్వాత చుట్టుపక్కల బల్లల దగ్గరున్న వాళ్లందరినీ కేకేసి, "బట్టలు చూసి చెప్పండి, ఎవరిది ఈ ఒళ్లు?" అంటుంది. సరిగ్గా చెప్పగలిగితే బొమ్మ పాసు. లేకపోతే గీసినవాళ్లు కాగితం చుట్టుకుని వచ్చిన దారినే పోవాలి. ముఖం ఎవరైనా గీస్తారు, వీధి చివర నుంచి మనిషిని పోల్చుకునేది బట్టల్ని బట్టే అని ఆవిడ వాదన. ఆ వాదన తప్పని నిరూపించిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. అసలు బాధంతా అదే.

ఈసారి ఆ అట్టకింద నలుగుతున్నది దర్జీ. నిజానికి ఆవిడకి గుండీ కుట్టడం కూడా రాదు. ఏళ్ల తరబడి ఇతరులు పుట్టించిన బొమ్మలకి బట్టలు వేసి పెట్టడమే ఆవిడ పని కాబట్టి ఆఫీసులో ఆ పేరు పడిపోయింది. రాజుగారికి అంగీ, దొంగకి నల్ల బనీను, నక్కకి కోటు, చలికి వణికే దెయ్యానికి కంబళి, అన్నీ ఆవిడ పెన్సిలు కిందవే. పుస్తకం మీద పేరు మాత్రం బొమ్మ పుట్టించినవాళ్లది. ఊరందరికీ పెళ్లి బట్టలు కుట్టి తను పాత గుడ్డతో తిరిగినట్టుంది నా బతుకు అని ఆవిడ ఎన్నోసార్లు అంది. అందరూ నవ్వారు, ఎవరూ ఏమీ చేయలేదు.

ఇన్నాళ్లకి ఒక బొమ్మ ఆవిడ సొంతంగా పుట్టింది. దాని పేరు నిచ్చెనపిల్ల. గోడ, గొట్టం, నీళ్ల ట్యాంకు, బీరువా, ఏది కనిపిస్తే అది ఎక్కేస్తుంది. పైన ఇరుక్కున్న గాలిపటాలు, దిగడం చేతకాని పిల్లులు, గాలికి ఎగిరిపోయిన పక్కింటివాళ్ల దుప్పట్లు కిందికి తెచ్చిపెడుతుంది. ఒంటి మీద మోకాళ్ల దాకా వేలాడే వాళ్లన్నయ్య చొక్కా, చేతులు పైకి మడిచి. కింద ఒక నిక్కరు. అంతే. కథలు కూడా దర్జీయే రాసింది. అవి చదివి ఎడిటరమ్మ పగలబడి నవ్వింది, కొత్త వరసలో మొదటి పుస్తకం ఇదే వేద్దామంది. బట్టలు పాసవడం ఒక్కటే మిగిలింది. బట్టలు వేయడంలో చేయి తిరిగిన మనిషి కదా, ఇదెంత పని అనుకుంది దర్జీ. ఈతగాడే నీళ్లలో పోతాడని ఊరికే అన్నారా!

మొదటిసారి శుభ్రమైన నీలం చొక్కా వేసి తీసుకెళ్లింది. అట్ట పడింది. రంగులు వేసే ఆయన ముందుకు వంగి, "కొత్త చొక్కా కొనుక్కున్న పిల్ల. పాపం, సైజు తప్పు కొన్నారు," అన్నాడు.

దర్జీ వెళ్లి చొక్కాకి అతుకులు వేసింది. "దిక్కులేని పిల్ల," అంది ప్రూఫులు చూసే ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. అతుకులు తీసేసి మరకలు పెట్టింది. "గోడలకి సున్నం వేసే పిల్ల." మరకలు తీసేసి అక్కడక్కడా చింపింది. "కుక్క తరిమిన పిల్ల," అన్నాడు పొట్టోడు. ఈ పొట్టోడు పక్క బల్ల దగ్గర గీసేవాడు. అతని డిటెక్టివు ఒక చేతిలో గొడుగు, కాళ్లకి వేరు వేరు జతల బూట్లతో మొదటి చూపులోనే పాసైపోయాడు. నిచ్చెనపిల్ల పాసవకపోతే మొదటి పుస్తకం ఆ డిటెక్టివుదే. పొట్టోడు చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. ఆ మనిషి రోజూ, "మీదే ముందు రావాలి దర్జీ గారూ," అని మనస్ఫూర్తిగా అంటాడు. దాంతో ఆవిడకి ఇంకా ఒళ్లు మండుతుంది.

ఒక రోజు దర్జీ ఆ చొక్కాని ఇంకా పెద్దది చేసి, మోచేతుల దగ్గర అరగదీసి, కాలరు నలిపి తీసుకెళ్లింది. అట్ట పడింది. అందరూ మూగారు.

"ఎవరిదో దండెం మీంచి కొట్టేసిన చొక్కా," అంది ప్రూఫులావిడ.

"అన్నయ్యదండీ!" దర్జీ గొంతు లేచింది. "కథలన్నీ చదివారు కదా, అన్నయ్య చొక్కా అని మీకు తెలుసు కదా!"

"తెలిసినా కనపడాలిగా," అన్నాడు రంగులాయన.

ఎడిటరమ్మ అట్ట తీయకుండానే కాగితాన్ని వెనక్కి తోసింది. "ఇందులో అన్నయ్య కనపడట్లేదమ్మా."

"కనపడడానికి ఆయనేమన్నా జేబులో కూర్చుంటాడా మేడం?"

"కూర్చోడు. కానీ ఎవడో ఒకడు కొన్నాళ్లు వేసుకుని వదిలిన బట్ట అది. వాడు ఎలాంటివాడో ఆ బట్టకి తెలుస్తుంది. నీకు తెలియట్లేదు, అందుకే ఎక్కడ పడితే అక్కడ చింపుతున్నావు." ఆవిడ అట్ట తీసి దాని మీద తన కప్పు పెట్టుకుంది. "రేపు పొద్దున్న చూస్తాను. అదే ఆఖరు. తర్వాత ప్రెస్సువాళ్లు ఆగరు."

దర్జీకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తనకి తెలియదా? చిన్నప్పుడు ఒంటి మీద అన్నయ్య చొక్కా తప్ప మరోటి ఎరుగని మనిషికి అన్నయ్య చొక్కా గురించి తెలియదా? నిచ్చెనపిల్ల అంటే మరెవరో కాదు, తనే. గోడలెక్కిందీ, ట్యాంకులెక్కిందీ తనే. తన ఒంటి మీద ఉన్న బట్టని తనకే తెలియదంటే ఎలా ఉంటుంది? బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఎడిటరమ్మకి మనసులోనే జవాబులు చెప్పింది. ఒక్కొక్కటీ ఎంత బాగా కుదిరిందో! ఎదురుగా ఉన్నప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు.

ఇంట్లో కింద వాటాలో అన్నయ్యా వదినా, పై గదిలో ఆవిడ. అన్నయ్య బస్టాండులో టికెట్ల కౌంటరు దగ్గర పనిచేస్తాడు. ఇంటికి రాగానే నీళ్లయినా తాగకుండా ముందు చొక్కా విప్పి హ్యాంగరుకి తగిలించి, భుజాల దగ్గర సరిచేసి, పై గుండీ పెడతాడు. తినేటప్పుడు ఒళ్లో ఒక తువ్వాలు, ఛాతీ మీద ఒక తువ్వాలు. ఆయన చొక్కాకి ముడత పడితే ఆయనకి జ్వరం వస్తుందని వదిన అందరి దగ్గరా వేళాకోళం చేస్తుంది. ఆయన కూడా నవ్వుతాడు.

ఆ సాయంత్రం దర్జీ చెప్పులు విడవకుండానే కింద వాటాలోకి వచ్చి పడింది. కాగితాల చుట్టని బల్ల మీద విసిరింది.

"అన్నయ్యా, నీ చొక్కాలు ఎక్కడెక్కడ చిరిగేవి?"

అన్నయ్య తువ్వాలు సర్దుకుంటున్నాడు. "ఏ చొక్కాలు?"

"చిన్నప్పటివి. నాకిచ్చినవి. మోచేతుల దగ్గరా, జేబు దగ్గరా, ఎక్కడ? గుర్తు తెచ్చుకుని చెప్పు. రేపు పొద్దున్నకి నా పీకల మీదికొచ్చింది."

"చిరగలేదు."

"ఏదో ఒకటి చిరిగే ఉంటుంది కదా."

"ఒక్కటి కూడా లేదు, చిట్టీ."

"మరకలు? సిరా మరకైనా?"

"లేదు."

గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. దర్జీ తల పట్టుకుంది. "నువ్వసలు పిల్లాడివేనా? ఆ వయసులో ఒక్క చొక్కా చింపని పిల్లాడు లోకంలో ఉంటాడా? చిన్నప్పటి నుంచీ ముసలాడివేనన్నమాట!"

వదిన వంటగది గుమ్మంలోంచి పకపకా నవ్వింది. "నేను పెళ్లయిన వారం రోజులకే కనిపెట్టేశాను."

అన్నయ్య నవ్వలేదు. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వకపోయేసరికి ఇద్దరూ ఆయన వైపు చూశారు.

"చింపనిస్తే కదా," అన్నాడు.

"ఎవరు చింపనివ్వలేదు?"

"అమ్మ. కొత్త చొక్కా తొడుగుతూనే చెప్పేది. జాగ్రత్తరా, చెల్లికి రావాలి, అని. పొద్దున్న గుండీలు పెడుతూ అనేది. బయటికి పరిగెడుతుంటే వెనక నుంచి అనేది. తప్పేం లేదులే, ఇద్దరికీ కొనే రోజులు కావవి." ఆయన కంచం వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. "మన ఇంటి వెనక ఎర్ర గోడ ఉండేది గుర్తుందా? మా జట్టు పిల్లలంతా దాని మీదే కూర్చునేవాళ్లు. నేను కింద నిలబడి అందరి చెప్పులూ చూస్తుండేవాణ్ని. నన్ను చెప్పుల స్టాండు అనేవాళ్లు."

దర్జీకి ఆ గోడ బాగా గుర్తుంది. దాని మీది నుంచి వీధంతా ఎలా కనిపించేదో, ఇటుకలు ఎండకి ఎలా కాలేవో కూడా గుర్తుంది. కిందెవరున్నారో మాత్రం గుర్తులేదు.

"నేనెక్కేదాన్ని కదా," అంది మెల్లగా. "అదే చొక్కా వేసుకుని ఎక్కేదాన్ని. నన్ను అమ్మ ఏమీ అనేది కాదే?"

"నిన్నెందుకంటుంది?" అన్నయ్య మామూలుగానే అన్నాడు, కోపం లేకుండా. "నీ తర్వాత ఎవరూ లేరుగా."

వదిన గుమ్మంలోంచి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేను ఏడాదంతా ముడత పడకుండా దాచిన చొక్కాని నువ్వు రెండు రోజుల్లో జేబు దగ్గర చింపుకుని వచ్చేదానివి," అన్నాడు ఆయన. "నేను ఆ చిరుగునే చూస్తూ నిలబడేవాణ్ని. అమ్మ సూదీ దారం తీసుకుని నవ్వుతూ కుట్టేది. అలా చూడకే, అయిపోయిన సంగతి. అన్నం తిన్నావా?"

దర్జీ తినలేదు. పై గదికి వెళ్లి బల్ల ముందు కూర్చుంది. తను పుట్టుకతోనే ధైర్యవంతురాలినని ఇన్నాళ్లూ అనుకుంది. ఆ ధైర్యం మీద కథలు కూడా రాసింది. ఆ ధైర్యంలో సగం, వెనక మరో పిల్ల లేకపోవడం వల్ల వచ్చిందని ఇవాళ తెలిసింది. సిగ్గేసింది. మళ్లీ అన్నయ్య మీదే చిరాకేసింది, ఇన్నేళ్లలో ఒక్కసారి చెబితే ఏం పోయింది అని. చెబితే తను వినేదా? "ముసలాడివి" అనడం తప్ప ఆయన్ని ఏం అడిగింది గనక! ఎడిటరమ్మ మాట నిజమే. తనకి తెలియలేదు.

పెన్సిలు చెక్కుకుంది. ముందు నిచ్చెనపిల్లని గోడ మీద కూర్చోబెట్టింది. చొక్కా అరిగించలేదు, మరక పెట్టలేదు. ఉతికి ఉతికి రంగు తగ్గింది, ఇస్త్రీ మడత మాత్రం చేతుల మీద ఇంకా నిలబడే ఉంది. కాలరు నిటారుగా ఉంది. అన్ని గుండీలూ ఉన్నాయి. జేబు పక్కన ఒక్క చిరుగు, అప్పుడే పడ్డది, దారపు పోగులు ఇంకా తెల్లగా ఉన్నాయి. అయినా ఏదో చాలలేదు. కాసేపు చూసి, గోడ కింద ఒక కుర్రాణ్ని గీసింది. వాడి ఒంటి మీద అదే తీరు చొక్కా, ఈ ఏడాది కొన్నది. మెడ దాకా గుండీలు. గోడకి తగలకుండా మోచేతులు కొంచెం దూరంగా పెట్టుకున్నాడు. చుట్టూ అందరి చెప్పులూ. గీస్తున్నంతసేపూ ఆవిడ చేయి ఎక్కడా ఆగలేదు. ఇన్ని రోజుల్లో అలా జరగడం అదే మొదటిసారి.

పొద్దున్న దర్జీ ఎడిటరమ్మ బల్ల మీద కాగితం పరిచింది. ముఖాలు రెండు కాబట్టి ఎడిటరమ్మ పొట్టోడి బల్ల మీద నుంచి ఇంకో అట్ట తెప్పించింది. రెండు ముఖాలూ మూసి, "చెప్పండి," అంది.

అందరూ బల్ల మీదికి వంగారు. దర్జీ గోళ్లు కొరుక్కుంటూ నిలబడింది.

"వీడిదే ఆ చొక్కా," అన్నాడు రంగులాయన చివరికి, కింద ఉన్నవాణ్ని చూపిస్తూ. "ఆ చిరుగు మాత్రం ఆ పిల్లది."

"వీడు గోడ ఎక్కడు కదూ?" అన్నాడు పొట్టోడు. ఎందుకో గొంతు తగ్గించి అన్నాడు. ప్రూఫులావిడ వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

ఎడిటరమ్మ అట్టలు తీసింది. "పాసు. ఇప్పుడు కనపడ్డాడు అన్నయ్య." దర్జీ ఊపిరి పీల్చుకునేలోపే తర్వాతి మాట వచ్చింది. "బాగుంది. ఇంక వాణ్ని తీసెయ్."

"తీసెయ్యడమేంటి మేడం?"

"కథల్లో వాడు లేడుగా. ఇది నిచ్చెనపిల్ల పుస్తకం. గోడ మీది పిల్లని చూడాల్సిన కళ్లన్నీ కిందున్నవాడి మీదికి పోతున్నాయి. ఆ చొక్కా అలాగే ఉంచు, ఆ చిరుగు ఉంచు, పిల్లాణ్ని చెరిపి ఇప్పుడే ప్రెస్సుకి ఇచ్చెయ్."

దర్జీ కాగితం వైపు చూసింది. అరచేత్తో కుర్రాణ్ని మూసి చూసింది. గోడ మీద మిగిలింది మళ్లీ ఆ మొదటి పిల్లే, కొత్త చొక్కా కొనుక్కున్న పిల్ల. చేయి తీస్తే అన్నయ్య చొక్కా, పెడితే ఎవరిదో చొక్కా. ఇన్నాళ్లు ఎదురుచూసిన పాసు అనే మాట చెవిలో ఇంకా మోగుతోంది. ఒక్క రబ్బరు ముక్కతో అయిపోయే పని. పుస్తకం మీద పేరు. దర్జీ అనే పిలుపు నుంచి విముక్తి.

"చెరపను," అంది.

"ఏంటి?"

"వాడు కింద నిలబడ్డాడు కాబట్టే ఆ పిల్ల పైనుంది మేడం. వాణ్ని తీసేస్తే నేను అబద్ధం గీసినట్టు. కథలు మళ్లీ రాస్తాను, వాణ్ని కూడా పెట్టి."

"ఎప్పటికి?"

"తెలియదు."

ఎడిటరమ్మ కోప్పడలేదు. కోప్పడితే నయం, ఎదురు తిరిగి రెండు మాటలు అనొచ్చు. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "అయితే మొదటి పుస్తకం డిటెక్టివుదే. నీది ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో లేదో నేను మాటివ్వలేను. ఆ డిటెక్టివుకి రెండో కథలో చలికోటు కావాలి, మధ్యాహ్నంలోపు గీసి పెట్టు, దర్జీ," అంది.

పొట్టోడు ఏదో అనబోయాడు. దర్జీ అననివ్వలేదు. మధ్యాహ్నందాకా కూర్చుని అతని డిటెక్టివుకి చలికోటు గీసింది. కోటుకి గుండీలు పెడుతూ తనని తాను తిట్టుకుంది. నోటిదాకా వచ్చిన ముద్దని తనే నేలపాలు చేసుకుంది, ఎవర్నీ అనడానికి లేదు. పంతం కూడు పెడుతుందా అని ఒక పక్క, పెట్టకపోతే మానె అని ఇంకో పక్క. కోటు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. దాంతో మరీ ఒళ్లు మండింది.

ఇంటికొచ్చి వదినకి చెప్పేసింది, అన్నయ్యకి చెప్పొద్దంది. వదిన కడుపులో మాట ఆగదు. ఆయన చొక్కా హ్యాంగరుకి తగిలిస్తుండగానే చెప్పేసింది. ఆయన గుండీ పెట్టడం సగంలో ఆపి బల్ల దగ్గరికి వచ్చాడు.

"నా మాట పట్టుకుని పని చెడగొట్టుకున్నావా చిట్టీ?"

"నువ్వేం చేశావు? నా పొగరు."

"ఏదో పాత సంగతి, ఊరికే అన్నాను. చెరిపెయ్యకూడదూ? ఇప్పుడు వెళ్లి చెప్తే వింటారేమో."

"వినరు. విన్నా నేను చెరపను." ఆవిడ కాగితాన్ని ఆయన ముందుకి తోసింది. కోపం తగ్గలేదు. కానీ ఆ కోపానికి పని కావాలి. "అదంతా వదిలెయ్. కథలన్నీ మళ్లీ మొదటి నుంచి రాయాలి. కొత్త కథల్లో వీడు కూడా ఎక్కుతాడు. ఈ బట్టల్లో వీడు ఎక్కలేడు, నేను ఎంత గీసినా కాళ్లు నేల వదలట్లేదు. ఏం వెయ్యను వీడికి? నిక్కరా, ప్యాంటా, ఏ రంగు? నువ్వే చెప్పు."

అన్నయ్య చేతులు తువ్వాలుకి తుడుచుకుని కాగితం అందుకున్నాడు. కుర్రాడి మెడ దాకా ఉన్న గుండీల్ని, దూరంగా పెట్టుకున్న మోచేతుల్ని, చుట్టూ ఉన్న చెప్పుల్ని ఒక్కొక్కటిగా చూశాడు. వదిన వచ్చి ఆయన భుజం మీదుగా తొంగిచూసింది.

"రంగు ఏదైనా పర్లేదు," అన్నాడు అన్నయ్య. "ఎవరికీ ఇవ్వక్కర్లేనిది వెయ్యి."